వన్ సెక్ యాప్ రివ్యూ: ఇన్‌స్టా తెరుచుకోక ముందే ఆపాలి

ఇన్‌స్టాగ్రామ్ గుర్తు మీద వేలు పడగానే యాప్‌కు బదులు మరో తెర అడ్డొస్తుంది. కింది నుంచి ఒక రంగు మెల్లగా పైకి నిండి, మళ్లీ దిగుతుంది. దానితో పాటే ఊపిరి పీల్చి వదలమంటుంది. ఆ తర్వాత ఒక అంకె కనిపిస్తుంది: గత 24 గంటల్లో ఈ యాప్ తెరవబోయింది ఎన్నిసార్లో. కింద రెండు బటన్లుంటాయి. ఒకటి నొక్కితే ఇన్‌స్టా తెరవకుండానే వెనక్కి వచ్చేస్తాం, రెండోది నొక్కితే లోపలికి వెళ్తాం. వన్ సెక్ అనే యాప్ చేసే అసలు పని ఇంతే. తాళం వేయదు, తిట్టదు, ఉపన్యాసం ఇవ్వదు.

దీన్ని తయారు చేసింది జర్మనీకి చెందిన ఫ్రెడెరిక్ రీడెల్. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింట్లోనూ దొరుకుతుంది. కంప్యూటర్‌లో వాడేవాళ్లకు బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది. ఉచితంగా ఒక్క యాప్‌కు మాత్రమే ఈ అడ్డు తెర పెట్టుకోవచ్చు. రెండో యాప్‌కు కావాలంటే చందా కట్టాలి. చాలామందికి ఆ ఉచిత భాగమే సరిపోతుంది. ఎందుకో కింద చెబుతాను.

ఫోన్‌లోనే ఉన్న టైమర్ చాలదా?

ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ 2018 నుంచే ఉంది. అదే ఏడాది ఐఓఎస్ 12తో ఐఫోన్‌కు స్క్రీన్ టైమ్ వచ్చింది. రెండూ ఉచితమే. మరి వాటిని పెట్టుకున్న చాలామంది రెండు వారాల్లోనే తీసి పక్కన పడేయడానికి కారణం వాటి తీరులోనే ఉంది.

మొదటి లోపం, టైమర్ పనిచేసేది చివర్లో. ఇన్‌స్టాకు 30 నిమిషాలు పెట్టామంటే ఆ 30 నిమిషాలూ అడ్డూ ఆపూ లేకుండా వాడుకోవచ్చని అర్థం. రీల్స్ అలవాటు మొదలయ్యే క్షణం అది కాదు. అన్నం ఉడికేలోపు, సిగ్నల్ దగ్గర, లిఫ్ట్ కోసం నిలబడినప్పుడు వేలు దానంతటదే వెళ్లి నొక్కేస్తుంది చూడండి, అలవాటు అక్కడుంది. టైమర్ ఆ క్షణాన్ని పట్టించుకోదు. లోపలికి వెళ్లాక, నాలుగో రీల్ నుంచి ఐదో రీల్‌కు జారుతున్న మనిషిని సరిగ్గా మధ్యలో ఆపితే కోపం వస్తుంది తప్ప ఆలోచన రాదు.

రెండోది, దాన్ని తప్పించుకోవడం మరీ తేలిక. డిజిటల్ వెల్‌బీయింగ్‌లో టైమర్ తీసేయడానికి సెట్టింగ్స్‌లోకి వెళ్లి రెండు మూడు నొక్కులు చాలు. ఐఫోన్ అయితే ఇంకో నిమిషం ఇవ్వనా, 15 నిమిషాలాగి గుర్తు చేయనా, ఈ రోజుకు వదిలేయనా అని అదే అడుగుతుంది. నాలుగంకెల పాస్‌కోడ్‌ను అన్నయ్యతోనో రూమ్మేట్‌తోనో పెట్టిస్తే తప్ప ఆ పరిమితికి విలువ లేదు.

మూడోదాన్ని చాలామంది గమనించరు. ఆండ్రాయిడ్ టైమర్ అర్ధరాత్రి 12 గంటలకు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. రాత్రి 11:40కి కోటా అయిపోయిన మనిషి మంచం మీద ఇంకో 20 నిమిషాలు మేలుకుంటే చాలు, కొత్త 30 నిమిషాలు చేతికొస్తాయి. నిద్ర చెడగొట్టేది సరిగ్గా ఆ సమయమే. దీనికి టైమర్ మందు కాదు. ఎంచుకున్న యాప్‌లను ఆపి ఉంచే ఫోకస్ మోడ్ డిజిటల్ వెల్‌బీయింగ్‌లోనే ఉంది, దాన్ని రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా షెడ్యూల్ చేసి, అందులో ఇన్‌స్టా, యూట్యూబ్, ఫేస్‌బుక్ టిక్ పెట్టుకోవాలి. బెడ్‌టైమ్ మోడ్‌లో గ్రేస్కేల్ ఆన్ చేస్తే తెర నలుపు తెలుపుకు మారుతుంది. రంగులు పోతే రీల్స్‌లో సగం ఆకర్షణ పోతుంది.

అలాగని డిజిటల్ వెల్‌బీయింగ్‌ను పక్కన పెట్టేయక్కర్లేదు. కొలవడానికి అంతకంటే మంచిది లేదు. డ్యాష్‌బోర్డ్‌లో పైన ఉన్న మెనూ మార్చితే వాడిన సమయంతో పాటు, ఏ యాప్ ఎన్నిసార్లు తెరిచారు, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి అన్నవి కూడా చూపిస్తుంది. గంటల లెక్క చూసి బెంబేలెత్తడం కన్నా ఈ ‘ఎన్నిసార్లు’ అన్న లెక్క చూడడం ముఖ్యం. వన్ సెక్ దెబ్బ కొట్టేది దాని మీదే.

పరిశోధన ఏమంటోంది

వన్ సెక్‌కు అనుకూలంగా చెప్పుకోవాల్సిన పెద్ద విషయం, దాని మీద సరైన అధ్యయనం జరిగింది. 2023లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ జర్నల్‌లో అచ్చయింది. 280 మంది 6 వారాలు వాడారు. అడ్డు తెర వచ్చిన ప్రతి 100 సార్లలో 36 సార్లు జనం యాప్ తెరవకుండా వెనక్కి తిరిగారు. దానికి తోడు, మొదటి వారంతో పోలిస్తే ఆరో వారానికి అసలు తెరవబోయే ప్రయత్నాలే 37 శాతం తగ్గాయి. రోజుకు 40 సార్లు తెరిచే మనిషిని తీసుకుందాం. ప్రయత్నాలు 25కు తగ్గుతాయి, వాటిలో 9 సార్లు వెనక్కి తిరుగుతాడు, మిగిలేవి 16. ఇది సగటు మీద వేసిన లెక్క, మీకు ఇంతే జరుగుతుందని కాదు. ఆ పరిశోధన పత్రం రాసిన ముగ్గురిలో యాప్ తయారీదారు రీడెల్ కూడా ఒకరు, ఆ సంగతి మనసులో పెట్టుకునే అంకెలు చదవాలి.

అదే పత్రంలో రెండో ప్రయోగం నాకు ఇంకా విలువైనదిగా అనిపిస్తుంది. 500 మందితో యాప్‌లోని మూడు భాగాలను విడదీసి చూశారు: కాసేపు ఆపడం, ఆలోచించమని సందేశం చూపడం, ‘వద్దులే’ అని వెనక్కి వెళ్లే బటన్ ఇవ్వడం. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఆ వెనక్కి వెళ్లే బటన్. ఆ తర్వాత కాసేపు ఆపడం. సందేశానికి పెద్దగా ఫలితం లేదు. ‘సమయం విలువైనది’ అని వాల్‌పేపర్ పెట్టుకునేవాళ్లు, ఫోన్ వెనక స్టిక్కర్ అంటించుకునేవాళ్లు దీన్ని గమనించాలి. మనిషికి కావాల్సింది సుద్దులు కాదు, సులువుగా బయటపడే దారి. వన్ సెక్‌ను మెచ్చుకోవడానికి నా కారణం కూడా ఇదే.

ఆండ్రాయిడ్‌లో పెట్టుకోవడం, అక్కడ వచ్చే చిక్కులు

పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టదు గానీ, కొన్ని ఫోన్లలో త్వరలోనే పనిచేయడం మానేస్తుంది. తప్పు యాప్‌ది కాదు, ఫోన్‌ది. అందుకే ఈ భాగం వివరంగా చెప్పాలి.

ప్లే స్టోర్ నుంచి దించుకుని తెరిస్తే యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. ఏ యాప్ తెర మీదకొచ్చిందో కనిపెట్టడానికి దానికి ఇది కావాలి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్ లేదా డౌన్‌లోడెడ్ యాప్స్, అందులో వన్ సెక్ ఎంచుకుని ఆన్ చేయాలి. షావోమీ, రెడ్‌మీ, పోకో ఫోన్లలో యాక్సెసిబిలిటీ ‘అడిషనల్ సెట్టింగ్స్’ లోపల ఉంటుంది. అక్కడ ప్రమాదం సుమా అని హెచ్చరిక చూపించి, కొన్ని సెకన్లు లెక్కపెట్టాకే సరే అననిస్తుంది.

ఆ హెచ్చరిక ఊరికే పెట్టింది కాదు. యాక్సెసిబిలిటీ అనుమతి ఉన్న యాప్ తెర మీద ఉన్నదంతా చదవగలదు, మన తరఫున నొక్కగలదు. మోసగాళ్లు వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో పంపే ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్‌ను పెట్టేసే ఫైళ్లు) అడిగేది కూడా ఇదే అనుమతి. కాబట్టి వన్ సెక్ అయినా, దాని లాంటి మరే యాప్ అయినా ప్లే స్టోర్ నుంచి తప్ప ఎక్కడి నుంచీ దించుకోవద్దు. ‘ప్రో వెర్షన్ ఫ్రీ’ అంటూ తిరిగే ఫైళ్ల జోలికి అసలే పోవద్దు. ఆండ్రాయిడ్ 13 నుంచి అలా బయట నుంచి తెచ్చిన యాప్‌లకు ఈ అనుమతిని ఫోనే మొదట నిరాకరిస్తుంది. ఆ అడ్డును దాటే మార్గం ఎవరైనా చెబితే వినకండి.

ఇంకో చిక్కు బ్యాంకు యాప్‌లతో. మోసాల భయంతో కొన్ని బ్యాంకు యాప్‌లు యాక్సెసిబిలిటీ ఆన్‌లో ఉన్న వేరే యాప్ కనిపిస్తే హెచ్చరిస్తాయి, కొన్ని తెరుచుకోనే తెరుచుకోవు. వన్ సెక్ పెట్టిన రోజునే మీ బ్యాంకు యాప్ ఒకసారి తెరిచి చూసుకోండి. తెరుచుకోకపోతే, డబ్బు పని ఉన్నప్పుడు యాక్సెసిబిలిటీ ఆపి, పని కాగానే మళ్లీ ఆన్ చేయడం ఒక్కటే దారి. నిజానికి ఆ ‘మళ్లీ’ జరగదు. అలాంటి ఫోన్‌లో బ్యాంకు పనికి కంప్యూటర్ వాడుకోగలిగితేనే ఈ యాప్ పెట్టుకోవడంలో అర్థముంది.

ఇక అసలు జబ్బు బ్యాటరీ పొదుపు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే రెడ్‌మీ, రియల్‌మీ, ఒప్పో, వివో ఫోన్లు వెనక నడిచే యాప్‌లను నిర్దయగా ఆపేస్తాయి. వన్ సెక్ చచ్చిపోయినా మనకు తెలియదు. ఇన్‌స్టా మామూలుగా తెరుచుకుంటుంది, ‘ఈ యాప్ వల్ల లాభం లేదు’ అని తీసేస్తాం. దీనికి రెడ్‌మీ, పోకోల్లో మూడు పనులు చేయాలి. యాప్ సమాచారంలో ఆటోస్టార్ట్ ఆన్ చేయాలి. బ్యాటరీ సేవర్‌లో ‘నో రిస్ట్రిక్షన్స్’ పెట్టాలి. రీసెంట్ యాప్స్ తెరలో వన్ సెక్ కార్డును నొక్కి పట్టి తాళం గుర్తు వేయాలి. లేకపోతే ‘అన్నీ క్లియర్’ నొక్కిన ప్రతిసారీ అది కూడా పోతుంది. రియల్‌మీ, ఒప్పోల్లో బ్యాటరీ వాడకం కింద ఆటో లాంచ్, బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ రెండూ అనుమతించాలి. వివోలో ఆటోస్టార్ట్‌తో పాటు వెనక ఎక్కువ బ్యాటరీ వాడుకోనిచ్చే స్విచ్ విడిగా ఉంటుంది. శామ్‌సంగ్‌లో బ్యాటరీ, బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ లిమిట్స్, ‘నెవర్ స్లీపింగ్ యాప్స్’ జాబితాలో దీన్ని చేర్చాలి. ఇన్ని చేసినా ఆగిపోతే, యాక్సెసిబిలిటీలో ఆన్‌లో ఉన్నట్టే కనిపించినా ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ లేస్తుంది. సిస్టమ్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఈ సెట్టింగులన్నీ ఒకసారి చూసుకోవడం మంచిది.

డ్యూయల్ యాప్స్‌తో, అంటే ఒకే యాప్‌ను ఫోన్‌లో రెండుగా పెట్టుకుని, రెండో ఇన్‌స్టాగ్రామ్ ఖాతా వాడేవాళ్లు ఆ రెండో గుర్తు మీద కూడా అడ్డు తెర వస్తోందో లేదో పరీక్షించుకోవాలి. అలాగే క్రోమ్‌లో ఇన్‌స్టాగ్రామ్ సైట్ తెరిస్తే యాప్ మీద పెట్టిన అడ్డు పనిచేయదు. వారం తిరగకముందే వేలు ఆ దారి వెతుక్కుంటుంది. క్రోమ్‌లో ఖాతా నుంచి లాగవుట్ అయి, సేవ్ చేసిన పాస్‌వర్డ్ తీసేస్తే ఆ సందు దాదాపు మూసుకుంటుంది.

ఎలా అమర్చుకోవాలి

ఉచితంగా దొరికే ఆ ఒక్క స్థానం ఏ యాప్‌కు ఇవ్వాలి? ఎక్కువ సమయం తినే యాప్‌కు కాదు, ఎక్కువసార్లు తెరిచే యాప్‌కు. రోజూ రాత్రి ఒకసారి తెరిచి గంటన్నర చూసే యూట్యూబ్‌కు ఈ అడ్డు తెర రోజుకు ఒక్కసారే వస్తుంది, దానితో ఒరిగేదేమీ ఉండదు. రోజుకు 50 సార్లు రెండేసి నిమిషాలు తెరిచే ఇన్‌స్టాకు 50 సార్లు వస్తుంది. అందుకే ముందు మూడు రోజులు డ్యాష్‌బోర్డ్‌లో లెక్క చూసి, ఆ తర్వాతే ఎంచుకోండి. చాలామందిలో అలా తేలేది ఒక్క యాపే, కాబట్టి ఉచిత భాగం సరిపోతుందన్నాను.

ఊపిరి తెర ఎంతసేపు ఉండాలో మార్చుకోవచ్చు. ఉత్సాహంలో మొదటి రోజే బాగా పెంచేయకండి. ఎక్కువసేపు ఆపితే మనసు దాన్ని శిక్షగా తీసుకుంటుంది, మూడో రోజు యాప్ తీసేయడంతో కథ ముగుస్తుంది. ఇచ్చిన సమయాన్నే మొదటి వారం ఉంచి, తర్వాత రెండేసి సెకన్లు పెంచుకుంటూ పోవాలి.

ఒకసారి లోపలికి వెళ్లాక కొన్ని నిమిషాలకు మళ్లీ అడ్డొచ్చే సదుపాయం కూడా ఉంది. రీల్స్ అలవాటుకు ఇది తప్పనిసరి. మొదటి అడ్డు దాటి వెళ్లినవాళ్లను ఐదు నిమిషాల దగ్గర మరోసారి పలకరిస్తే బయటికి రావడం తేలికవుతుంది. అరగంట పెట్టుకుంటే అప్పటికే బాగా మునిగిపోయి ఉంటాం.

మరో సెట్టింగ్, వాడుతూ వాడుతూ పక్క యాప్‌కు వెళ్లి వెంటనే తిరిగొస్తే అడ్డు రాకుండా చేసేది. ఓటీపీ కోసం మెసేజ్‌లోకి వెళ్లి వచ్చినంత మాత్రాన మళ్లీ ఊపిరి పీల్చమంటే విసుగే. ఆ గడువు కొన్ని సెకన్లు చాలు. ఎక్కువ పెడితే ఇన్‌స్టా, వాట్సాప్ మధ్య అటూ ఇటూ తిరిగే అలవాటు దాని చాటునే సాగిపోతుంది.

ఊపిరి తెరకు బదులు ఫోన్‌ను గుండ్రంగా తిప్పమనడం, కదిలే చుక్క మీద వేలు ఉంచమనడం, ముందు కెమెరాతో మన ముఖమే చూపించడం, ఎందుకు తెరుస్తున్నామో టైప్ చేయమనడం లాంటివీ ఉన్నాయి. అర్ధరాత్రి మంచం మీద వెలవెలబోయిన తన ముఖం కనిపిస్తే చాలామంది ఫోన్ పక్కన పెట్టేస్తారు. వీటిని అప్పుడప్పుడూ మార్చాలి. కారణం, మూడు నాలుగు వారాలకు వేలు ఈ తెరకూ అలవాటు పడిపోతుంది. తెర చూడకుండానే ‘వెళ్లనివ్వు’ బటన్ ఉండే చోటుకు బొటనవేలు ముందే చేరి కూర్చుంటుంది. యాప్ పనిచేయడం మానేసిందన్న ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి ఇవే. చేయవలసింది ఏమిటంటే, ఫోన్ తిప్పడం లాంటి చేతి పని ఉన్నదానికి మారిపోవడం. కళ్లు మూసుకుని చేయలేని పని అయితేనే అది అడ్డుగా నిలుస్తుంది.

ఐఫోన్‌లో కొంచెం వేరు. వన్ సెక్ అక్కడ షార్ట్‌కట్స్ యాప్‌లోని ఆటోమేషన్ (ఒకటి జరగగానే మరో పని దానంతటదే జరిగే ఏర్పాటు) మీద నడుస్తుంది. కొత్త ఆటోమేషన్‌లో ‘యాప్’ ఎంచుకుని, ఇన్‌స్టా టిక్ పెట్టి, తెరిచినప్పుడు అన్నది ఉంచి, ‘రన్ ఇమీడియట్లీ’ ఎంచుకోవాలి. ఇది మరిచిపోతే అడ్డు తెర బదులు ఒక నోటిఫికేషన్ మాత్రం వస్తుంది, దాన్నెవరూ పట్టించుకోరు. యాప్ తెరుచుకున్నాకే ఆటోమేషన్ నడుస్తుంది కాబట్టి ఫీడ్ ఒక రెప్పపాటు కనిపించి మాయమవుతుంది. ఆ ఒక్క మెరుపుకే కొందరికి కోరిక పెరుగుతుంది. ఈ విషయంలో ఆండ్రాయిడ్‌దే పైచేయి. బ్యాటరీ గొడవ లేకపోవడం ఐఫోన్‌కు కలిసొచ్చేది.

వన్ సెక్‌కు లొంగనివి

యూట్యూబ్, వాట్సాప్. ఈ రెండింటికీ అడ్డు తెర పెట్టి లాభం లేదు. గ్రూప్-2, డీఎస్సీ క్లాసులు, వంటలు, సుప్రభాతం అన్నీ యూట్యూబ్‌లోనే ఉన్న ఇంట్లో ప్రతిసారీ ఊపిరి పీల్చమంటే వన్ సెక్‌నే తీసేస్తారు. షార్ట్స్ సమస్య వేరే తరహాది. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధం తర్వాత, అదే సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్‌ను మొదట పరీక్షించింది మన దేశంలోనే. క్లాసు కోసం తెరిచిన యాప్‌లోనే అవి కాచుకుని ఉంటాయి.

దీనికి డబ్బు ఖర్చు లేని మందు ఉంది. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ ఆల్ హిస్టరీ’లోకి వెళ్లి వాచ్ హిస్టరీని ఆపేయండి, పాత హిస్టరీ మొత్తం తుడిచేయండి. రెండూ చేయాలి. ఆపేసి పాతది ఉంచితే సిఫార్సులు వస్తూనే ఉంటాయి. రెండూ చేస్తే హోం పేజీ ఖాళీగా కనిపిస్తుంది. 2023 నుంచి యూట్యూబ్ ఇలా మార్చింది. ఇక కావాల్సింది వెతుక్కోవడం, లేదా సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి చూడడమే. వీడియో కింద వచ్చే సిఫార్సులు మాత్రం పోవు. క్లాసు ఎక్కడ ఆపామో గుర్తుండదు కాబట్టి ముఖ్యమైన పాఠాలను ప్లేలిస్టులో పెట్టుకోవాలి.

వాట్సాప్‌లో కాలం తినేవి కుటుంబ గ్రూపులు, స్టేటస్‌లు, ఛానెళ్లు. గ్రూపులు వదిలేస్తే పిన్ని, బాబాయ్ నొచ్చుకుంటారు. వదలక్కర్లేదు. గ్రూపును ఆర్కైవ్ చేసి, చాట్స్ సెట్టింగ్స్‌లో ‘కీప్ చాట్స్ ఆర్కైవ్డ్’ ఆన్ చేస్తే కొత్త మెసేజ్ వచ్చినా అది పైకి లేవదు. రోజుకొకసారి వెళ్లి శుభకార్యం సంగతులు చూసుకుంటే చాలు. ఆ గ్రూపుల్లో వచ్చే రీల్ లింకులు నేరుగా ఇన్‌స్టా తెరుస్తాయి. అక్కడ మాత్రం వన్ సెక్ బాగా పట్టుకుంటుంది.

ఇన్‌స్టాలో కూడా లోపలి పని కొంత ఉంది. పైన ఉన్న పేరు నొక్కి ‘ఫాలోయింగ్’ ఎంచుకుంటే మనం అనుసరించేవాళ్ల పోస్టులు మాత్రమే వరుసగా వస్తాయి. కంటెంట్ ప్రిఫరెన్సెస్‌లో సిఫార్సు పోస్టులను 30 రోజులు ఆపొచ్చు. గడువు తీరాక అవి చడీచప్పుడు లేకుండా తిరిగొస్తాయి, కాబట్టి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

ఇంకేం ఉన్నాయి

చందా కట్టకుండా రెండు మూడు యాప్‌లకు అడ్డు కావాలంటే స్క్రీన్‌జెన్ చూడండి. ఉచితం, రెండు రకాల ఫోన్లలోనూ ఉంది. తెరవడానికి ముందు ఆపడంతో పాటు, రోజుకు ఇన్నిసార్లే అని కూడా పెట్టుకోవచ్చు. అమరికలు మరీ ఎక్కువ కావడంతో కొత్తవాళ్లు తికమక పడతారు, వన్ సెక్ అంత శుభ్రంగా ఉండదు. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ, బ్యాటరీ చిక్కులు దీనికీ అవే.

ఆండ్రాయిడ్‌లో హోం స్క్రీన్ రూపాన్నే మార్చే యాప్‌ను లాంచర్ అంటారు. ఓలాంచర్ అనే ఉచిత లాంచర్ హోం స్క్రీన్ మీద రంగు గుర్తులన్నీ తీసేసి, గరిష్ఠంగా 8 యాప్‌ల పేర్లు అక్షరాల్లో చూపిస్తుంది. ఇన్‌స్టా కావాలంటే పేరు టైప్ చేసి వెతకాలి. యాక్సెసిబిలిటీ అనుమతి ఇవ్వడం ఇష్టం లేనివాళ్లకు, బ్యాంకు యాప్‌తో గొడవ వచ్చినవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

టైమర్ ఉన్న తాళం డబ్బాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఫోన్ లోపల పెట్టి గంట తిప్పితే గంట దాకా తెరుచుకోవు. పరీక్షలకు చదివే పిల్లలకు అవి నప్పుతాయి. ఇంట్లో పెద్దవాళ్లు, అత్యవసర ఫోన్లు ఉన్నవాళ్లకు నప్పవు. కొనేముందు ఫోన్ కవరుతో సహా పడుతుందో లేదో లోపలి కొలతలు చూడండి, బ్యాటరీ అయిపోతే ఎలా తెరవాలో కూడా చదవండి.

స్కూలు పిల్లల ఫోన్లకు వన్ సెక్ సరైన వస్తువు కాదు. తనంతట తాను మానాలనుకునే పెద్దవాళ్ల కోసం చేసిన యాప్ ఇది. ఒక్క నిమిషంలో ఆఫ్ చేయొచ్చు. పిల్లలకు గూగుల్ ఫ్యామిలీ లింక్ లాంటివి ఉన్నాయి.

ఏ యాప్‌తోనూ తేలని పరిస్థితి కూడా ఉంటుంది. ఫోన్ లాక్కుంటే చేయి చేసుకోవడం, రాత్రంతా నిద్ర లేకపోవడం, కాలేజీకో ఉద్యోగానికో వెళ్లడం మానేయడం, దిగులును మరిచిపోవడానికే స్క్రోల్ చేయడం. అక్కడ అడ్డు తెరలతో కాలయాపన చేయొద్దు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు, ఏ వేళలోనైనా. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి సాంకేతికత అతివాడకం కోసమే షట్ క్లినిక్ నడుస్తోంది. రాయలసీమ వాళ్లకు అది దూరమేమీ కాదు.

డబ్బు సంగతి

నాలుగు వారాలు ఉచిత భాగంతో వాడి, డ్యాష్‌బోర్డ్‌లో ఆ యాప్‌ను తెరిచిన సంఖ్య మూడో వంతైనా తగ్గితేనే చందా గురించి ఆలోచించండి. తగ్గకపోతే డబ్బు కట్టినా తగ్గదు. ఒక యాప్ తగ్గి ఆ సమయమంతా ఫేస్‌బుక్‌కో స్నాప్‌చాట్‌కో మళ్లిందని లెక్కలో కనిపిస్తే అప్పుడు చందాకు అర్థముంది, ఎందుకంటే రెండో యాప్‌కూ అడ్డు కావాలి. నెలవారీది తీసుకుని చూడండి. ఏడాదిది మొదటే కట్టొద్దు.

మానేయాలనుకుంటే యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి అక్కడ రద్దు చేయాలి. యూపీఐతో కట్టి ఉంటే ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యాప్‌లోని ఆటోపే విభాగంలో కూడా ఆ అనుమతి ఇంకా బతికే ఉందేమో చూసి తీసేయండి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో పైన మీ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తాయి. ట్రయల్ మొదలుపెట్టినవాళ్లు గడువు ముగిసే రోజు దాకా ఆగకుండా ఒక రోజు ముందే ఈ పని చేసుకోవాలి.